సెన్సర్ కొనేముందు ఒక్క జెమ్ క్లిప్పు

నమస్తే అందరికి. హన్మకొండల పొద్దుగాల ఆరైతుంది, బానెట్ లేపి పెట్టినం. ఇయ్యాల కూలెంట్ సెన్సర్, అంటే ఇంజన్‌ను చల్లార్చే ద్రవం ఎంత వేడిగుందో కొలిచేది, పరీక్ష చేస్తున్నం. ఇంత పొద్దుగాల ఎందుకంటే ఈ పరీక్షకు ఇంజన్ రాత్రంత చల్లారి ఉండాలె. నెలల తరబడి షెడ్డుల నిలబడ్డ కారును సెలవులకు వచ్చి తీసే మనోళ్లకు ఇది తెలిసిన తంతే: చెక్ ఇంజన్ లైటు, ఆగకుండ తిరిగే రేడియేటర్ ఫ్యాను, పొగల పెట్రోల్ వాసన, పడిపోయిన మైలేజీ. "కూలెంట్ సెన్సర్ పోయింది" అంటరు, మారుస్తరు, నాలుగు రోజులకు లైటు మళ్ల వస్తది. సర్క్యూట్ల సెన్సర్ సగమే మరి. మిగతా సగం కనెక్టరు, రెండు వైర్లు, ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు ఈసీయూ.

ముందు స్కానర్ పెడదాం. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటది, చిన్న బ్లూటూత్ అడాప్టరు చాలు. బాపూ, తాళం ఆన్ దాకా తిప్పు, స్టార్ట్ చెయ్యకు. స్క్రీన్ మీద చూడండి, కూలెంట్ వేడి -40 డిగ్రీలు, ఇంజన్ లోపలికి పోయే గాలి వేడి 29. చల్లటి ఇంజన్ల ఈ రెండూ దగ్గరదగ్గరగ ఉండాలె. అమెరికాల ఉండేటోళ్లు స్కానర్ ఫారెన్‌హీట్ల ఉందా సెల్సియస్ల ఉందా అని ఎతుక్కోకండి, -40 దగ్గర రెండూ ఒక్కటే. హన్మకొండల మే నెల -40 అంటే సర్క్యూట్ ఎక్కడో తెగింది, గంతే. స్కానర్ చూపించే తప్పు కోడ్ కూడ అదే చెప్తుంది, పీ0118. పీ0117 అయితే ఉల్టా: షార్ట్ అయ్యి 130 పైన చూపిస్తది.

ఈ సెన్సర్ వేడెక్కినకొద్ది రెసిస్టెన్స్ తగ్గే రకం. ఈసీయూ లోపల ఒక రెసిస్టర్ గుండ 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చదువుతది. ఏమీ తగలకపోతే 5 వోల్టులు అట్లనే ఉంటయి, "మంచు" అనుకుంటది.

ఇప్పుడు అసలు పరీక్ష. కనెక్టరు లాక్ నొక్కి ఊడదీసి, దాని రెండు రంధ్రాలను ఒక సన్న జెమ్ క్లిప్పుతోని కలుపుతున్నం. రెండు వైర్ల సెన్సర్‌కే ఇది. లావు తీగ దోపొద్దు, టెర్మినల్ వెడల్పైతే కొత్త రోగం మనమే తెచ్చినట్టు. చూడండి, -40 నుంచి ఒక్కసారి 130 దాటింది. అంటే ఈసీయూ, వైర్లు బతికే ఉన్నయి. తప్పు సెన్సర్ల ఉంది, లేకుంటే సెన్సర్, కనెక్టరు పిన్నులు కలిసే చోట. -40 కదలకపోతే వైరు తెగినట్టు. మీటరు నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్‌కు, ఎర్రది ఒక్కో రంధ్రానికి పెట్టండి. ఒక దాంట్ల 5 వోల్టులు వస్తే సిగ్నల్ వైరు మంచిదే, తెగింది గ్రౌండ్ వైరు. రెండిట్ల ఏమీ రాకపోతే సిగ్నల్ వైరు వెంబడి ఈసీయూ దాకా పోవాలె. నిలబడ్డ కార్లల్ల ఎలుకలు కొరికేది కూడ ఎక్కువ అక్కడనే, తొడుగు మొత్తం చేత్తోటి తడుముకుంట పొండి.

పీ0117కు క్లిప్పు అక్కర్లేదు. కనెక్టరు పీకంగనే 130 కాస్త -40 అయితే సెన్సర్ లోపల షార్ట్. కదలకపోతే సిగ్నల్ వైరు పొట్టు ఊడి బాడీకి తగులుతుంది.

ఇగ సెన్సర్ పిన్నుల మీద మీటరు ఓంలల్ల పెడదాం. చాలా కార్లల్ల 20 డిగ్రీల దగ్గర 2500 ఓంలు, 30 దగ్గర 1700, 80 దగ్గర 300 చిల్లర వస్తయి. మీ కారు లెక్క మాన్యువల్‌ల చూసుకోండి. ఇక్కడ 1720 వచ్చింది. సెన్సర్ బాగుంది! కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్న: కనెక్టరు లోపల ఆకుపచ్చ చిలుము, ఒక టెర్మినల్ వెనక్కి జరిగి ఉంది. క్లిప్పు లోతుకు పోయి తగిలింది, సెన్సర్ పిన్ను అందలేదు.

చిలుము పూర్తిగ తెంపకుండ సగం అడ్డం పడితే ఇంకా పాడు. అది 1000 ఓంలు కలిపిందనుకోండి. పొద్దుగాల 1700 కాస్త 2700 అయితది, 10, 12 డిగ్రీల తేడా, ఎవరికీ తెల్వదు. ఇంజన్ 80కి వచ్చినంక 300 కాస్త 1300 అయితది, అంటే ఈసీయూకు 40 లోపే కనిపిస్తది. -40 కాదు కాబట్టి పీ0118 పడదు. పెట్రోల్ ఎక్కువ పోస్తనే ఉంటది, ఫ్యాను మాత్రం ఎయ్యదు. మేడారం జాతర ట్రాఫిక్ల ఇట్లాంటి కారు పొగలు కక్కుతది. అందుకే ఇంజన్ వేడిగున్నప్పుడు కూడ వైర్లు కదిలిస్తూ స్క్రీన్ చూడండి, అంకె ఎగిరితే చోటు దొరికినట్టే.

చిలుముకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, టెర్మినల్ లాక్ అయ్యేదాక నెట్టాలె. లాక్ విరిగితే వైర్లతో వచ్చే కొత్త కనెక్టరు తెచ్చి సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబ్ ఎయ్యండి. మెలేసి టేప్ చుడితే ఇంజన్ వేడికి జిగురు కారి మళ్ల మొదటికే. సెన్సరే మార్చాల్సి వస్తే, చల్లటి ఇంజన్ మీదనే రేడియేటర్ మూత తియ్యాలె, కొత్త వాషరు ఎయ్యాలె, కారినంత అదే రకం కూలెంట్ పొయ్యాలె. బోరు నీళ్లు అసలే వద్దు, లోపల పెచ్చు కడుతది. గాలి బుడగ కూడ తియ్యాలె, సెన్సర్ గాలిల ఉంటే తప్పే చదువుతది.

కోడ్ చెరిపేసినం. బాపూ, ఇప్పుడు స్టార్ట్ చెయ్యి. 31... 45... 70... మధ్యల ఎక్కడ ఎగరకుండ మెల్లగ ఎక్కాలె. 88 దగ్గర నిలబడ్డది. ఏసీ ఎయ్యకుండ అట్లనే నిలబెట్టినం, 96కు ఫ్యాను తిరిగింది, 91కి ఆగింది. ఇగ బంద్ చెయ్యి బాపూ.