ఇద్దరిలో ఒకరే మిగిలిన రోజుకు ఏ ఊరు?

అధ్యక్షులకు, వేదికను అలంకరించిన పెద్దలకు, ఈ సాయంత్రం ఇంత దూరం వచ్చిన విశ్రాంత ఉద్యోగ మిత్రులకు, వారి కుటుంబసభ్యులకు నా నమస్కారాలు.

హైదరాబాదులో అద్దె కడుతూ, అపార్టుమెంటు నిర్వహణ ఖర్చులు భరిస్తూ, పింఛను మీద నెల గడపడం కష్టమైనప్పుడు ఏదైనా చిన్న ఊరికి వెళ్ళిపోదామన్న ఆలోచన మనలో చాలామందికి వస్తుంది. అలా అనుకున్నవారు నన్ను మొదట అడిగేది అద్దె ఎక్కడ తక్కువ, స్థలం ఎక్కడ చవక అని. ఆ ప్రశ్న అవసరమైనదే కానీ, అది రెండోది. భార్యాభర్తల్లో ఒకరు వెళ్ళిపోయాక మిగిలిన మనిషి, బండి నడపలేని వయసులో, పిల్లలు దూరాన ఉండగా, ఏ ఊళ్ళో ఇంకొకరి మీద ఆధారపడకుండా బతకగలరన్నది మొదటి ప్రశ్న. దానికి సమాధానం దొరికాకే అద్దెల దగ్గరకు రావాలని నా అభిప్రాయం.

ఈ మాట నాకు ముందుగా తట్టలేదు. ఉద్యోగ విరమణ తర్వాత మేము ఒక పట్టణానికి 11 కిలోమీటర్ల దూరంలో, కొత్తగా వేసిన ఒక వెంచర్‌లో ఇల్లు తీసుకున్నాం. చుట్టూ పొలాలు, మంచి గాలి, నగరంలో కట్టిన దానిలో మూడో వంతు అద్దె. రెండేళ్ళు సుఖంగానే గడిచాయి. మూడో ఏట ఒక రాత్రి మా ఆవిడ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. 108 వాహనం వచ్చింది, పట్టణం దాకా తీసుకువెళ్ళింది. కానీ ఆ వేళకు అక్కడ ఎముకల వైద్యుడు లేరు. తెల్లవారుజామున మరో వాహనంలో నగరానికి చేరాం. ఆ తర్వాత మూడు నెలల పాటు ప్రతి పరీక్షకూ, ప్రతి కట్టుకూ కారు మాట్లాడుకోవలసి వచ్చింది. అద్దెలో మిగిలిందనుకున్న డబ్బంతా ఆ మూడు నెలల్లో కారు కిరాయిలకే అయిపోయింది. అంతకన్నా నన్ను బాధించింది వేరే ఉంది. ఆ రోజు పడినది నేనై ఉంటే, బండి నడపడం రాని మా ఆవిడ ఆ వెంచర్‌లో ఏం చేసి ఉండేది?

అందుకే ఊరు చూడటానికి వెళ్ళినప్పుడు ఆస్పత్రి ఉందా అని అడిగి ఊరుకోకండి. రాత్రి రెండు గంటలకు అక్కడ ఎవరుంటారు, సీటీ స్కాన్ తీసేవారుంటారా, గుండెనొప్పి వచ్చినవారిని ఇక్కడే చూస్తారా, లేక వేరే ఊరికి పంపిస్తారా అని అడగండి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ చేయించాలి. ఆ కేంద్రం 80 కిలోమీటర్ల అవతల ఉంటే, వారంలో సగం రోజులు ప్రయాణానికే పోతాయి. పాత బోధనాసుపత్రుల నీడన ఉన్న పట్టణాలకు ఈ విషయంలో పెద్ద బలం ఉంది. గుంటూరు వైద్య కళాశాల 1946లోను, కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాల 1958లోను, వరంగల్‌లోని కాకతీయ వైద్య కళాశాల 1959లోను మొదలయ్యాయి. వాటికి తోడు ఇప్పుడు మంగళగిరిలోను, బీబీనగర్‌లోను ఎయిమ్స్ ఉన్నాయి. 70 ఏళ్ళు నిండిన అందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ కింద చికిత్స ఇచ్చే ఏర్పాటు 2024 అక్టోబరు 29న ప్రారంభమైంది. మీరు వెళ్ళదలచిన ఊళ్ళో ఏ ఆస్పత్రి ఆ జాబితాలో ఉందో ముందే కనుక్కోవడం మంచిది.

ఈ కొలబద్దతో కొన్ని ఊళ్ళను చూద్దాం. మదనపల్లెను ఎవరు కాదంటారు? సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, వేసవిలోనూ హాయిగా ఉండే రాత్రులు. క్షయరోగులకు మంచి గాలి కావాలని ఒకప్పుడు ఆరోగ్యవరం శానిటోరియాన్ని కట్టింది అక్కడే. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడ బస చేసి, 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించారు. అయినా రైల్వే స్టేషన్ ఊరికి బాగా ఎడంగా ఉంటుంది. పెద్ద వైద్యం కావాలంటే తిరుపతికో బెంగళూరుకో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. అరవై ఏళ్ళ దంపతులకు ఆ ఊరు నేను సంతోషంగా సూచిస్తాను, ఎనభై ఏళ్ళ ఒంటరి మనిషికి మాత్రం సూచించలేను.

సిద్దిపేట గత పదేళ్ళలో చాలా మారింది. 2018లో వైద్య కళాశాల వచ్చింది, 2023 అక్టోబరులో రైలు వచ్చింది, సాయంత్రం నడకకు కోమటి చెరువు కట్ట ఉంది, హైదరాబాదు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పిల్లలు నగరంలో ఉన్నవారికి ఇంతకన్నా అనువైన ఊరు తెలంగాణలో అరుదు. కాకినాడను మన పెద్దలు పింఛనుదారుల స్వర్గమని ఊరికే అనలేదు: తిన్నని వీధులు, ఎత్తుపల్లాలు లేని నేల, అందుబాటులో పెద్దాసుపత్రి. కానీ అది ఇప్పుడు చిన్న ఊరు కాదు, అద్దెలూ ఆ మేరకే ఉన్నాయి.

మేము చివరకు చేరింది తెనాలికి. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే ప్రధాన రైలు మార్గం మీద ఉన్న కూడలి అది. గుంటూరు, విజయవాడ రెండూ ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటాయి. ఊరి మధ్యగా మూడు కాలువలు పారుతున్నందుకు దాన్ని ఆంధ్రా పారిస్ అన్నారు. నాటకాల ఊరు కనుక సాయంత్రం పూట మాట్లాడటానికి మనిషి దొరకని రోజు ఉండదు. అక్కడ నాకు తెలిసివచ్చిన ముఖ్యమైన విషయం నీటి గురించి. డెల్టా ఊళ్ళకు నీళ్ళంటే కాలువ. దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ లోగా మున్సిపాలిటీ తన చెరువులను నింపుకుని, మళ్ళీ నీరు వదిలేదాకా వాటితోనే కుళాయిలు నడపాలి. చెరువు పెద్దదైతే ఊరు నిశ్చింతగా ఉంటుంది, చిన్నదైతే రోజు విడిచి రోజు నీళ్ళు వస్తాయి. సముద్రానికి దగ్గరైన చాలా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పు నీరు పడుతుంది. వేసవిలో బిందె మోయవలసివస్తే మోసేది ఎవరు? సంక్రాంతికి వెళ్ళి చూస్తే ప్రతి ఊరూ అందంగానే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు కాలువల నిండా నీళ్ళుంటాయి. మే నెల మూడో వారంలో వెళ్ళి, కుళాయి ఎప్పుడు వస్తుందో, కరెంటు ఎన్ని గంటలు పోతుందో స్వయంగా చూడండి. మళ్ళీ ఆగస్టులో పెద్ద వాన పడిన మర్నాడు వెళ్ళి, మీరు అనుకున్న వీధిలో నీళ్ళు నిలిచాయా లేదా చూడండి.

ఇక డబ్బు. పాత పెన్షన్ విధానంలో విరమించినవారికి ఆఖరి మూలవేతనంలో సగం పింఛనుగా వస్తుంది. వారు పోయాక, నిర్ణీత కాలం గడిచిన తర్వాత, భాగస్వామికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఆ వేతనంలో 30 శాతం. అంటే 40 వేలు వచ్చే ఇంటికి 24 వేలు వస్తాయి. అద్దె మాత్రం సగమవదు, మందుల ఖర్చు తగ్గదు. కనుక ఊరి ఖర్చు లెక్క 40 వేల మీద కాదు, 24 వేల మీద వేయండి. ఆ లెక్కకు సరిపోయే ఊరే మీకు అందుబాటులో ఉన్న ఊరు. తేడాను పూడ్చడానికి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వంటివి కొంత సాయపడతాయి. 2023 ఏప్రిల్‌లో దాని పరిమితిని 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు, అప్పటి 8.2 శాతం వడ్డీ చొప్పున 30 లక్షలకు మూడు నెలలకొకసారి 61,500 రూపాయలు చేతికి వస్తాయి. ఖాతాను భార్యాభర్తలు ఉమ్మడిగా తెరిస్తే, ఒకరు పోయినా రెండోవారు గడువు దాకా కొనసాగించుకోవచ్చు. ప్రభుత్వ పింఛను లేకుండా ప్రైవేటు కొలువుల్లో విరమించినవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. ప్రావిడెంట్ ఫండ్‌తో ముడిపడిన ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్ కింద కనీస పింఛను 2014 నుంచి నెలకు వెయ్యి రూపాయలేనని వారికి నేను చెప్పనక్కరలేదు.

రాష్ట్రం మారేవారికి ఒక చిన్న సూచన. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. అయితే ఆ రాష్ట్రం చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఇల్లు మారగానే ఆధార్‌లో చిరునామా మార్పించండి. డిపో ఉన్న ఊరైతే ఒంటరి స్త్రీకి అది కారు ఉన్నంత ధైర్యం.

ఇల్లు వెంటనే కొనవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. నగరంలో సొంత ఫ్లాటు ఉంటే దాన్ని అమ్మకుండా అద్దెకిచ్చి, కొత్త ఊళ్ళో కనీసం ఒక వేసవి, ఒక వర్షాకాలం అద్దెకుండండి. ఇల్లు కింది అంతస్తులోనే తీసుకోండి. అక్కడి నుంచి కూరగాయల బజారు, మందుల దుకాణం, బ్యాంకు, గుడి లేదా గ్రంథాలయం, ఈ నాలుగూ పది నిమిషాల నడకలో ఉన్నాయో లేదో నడిచి చూడండి. ఆ నడక మీరు ఒక్కరే నడవకండి, మీ భాగస్వామిని ఒంటరిగా పంపించి, తిరిగి వచ్చాక ఎలా ఉందో అడగండి. ఊరు ఎంచుకోవడంలో ఇప్పటిదాకా మన ఇళ్ళల్లో మగవారి మాటే చెల్లింది; లెక్కప్రకారం ఆ ఊళ్ళో ఎక్కువ కాలం ఒంటరిగా ఉండవలసివచ్చేది మాత్రం సాధారణంగా ఆడవారు.

తెనాలిలో మా ఇంటి అద్దె ఒప్పందం మా ఆవిడ పేరున రాయించాను. గ్యాస్ కనెక్షన్ కూడా ఆమె పేరుకే మార్పించాం. నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోనులో ముఖం చూపించి ఎలా పంపాలో ఆమె మొదట నా సర్టిఫికెట్ మీదే నేర్చుకుంది. నెల మొదటి వారంలో బ్యాంకుకు ఆమె ఒక్కతే నడిచి వెళ్ళి వస్తుంది. వెళ్ళడానికి ఏడు నిమిషాలు. దారిలో పలకరించేవాళ్ళు ఎక్కువ కనుక రావడానికి అరగంట పడుతుంది.