స్క్రీన్‌షాట్ పెట్టకండి తమ్ముళ్లూ

(బెంగళూరు పీణ్యలో తెలుగు డ్రాఫ్ట్స్‌మెన్ కలుసుకున్నప్పుడు మాట్లాడింది)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే టిఫిన్లు చల్లారిపోతాయి, ఏమీ అనుకోకండి. డిజైన్ రంగంలో కొత్త అవకాశాల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను, ముందు ఈ సంచిలో ఉన్నది చూడండి.

ఇది బేస్ ప్లేటు, ఉక్కు స్తంభం అడుగున బోల్టులతో బిగించే పలక. 250 బై 250, మందం 12 మిల్లీమీటర్లు, దాదాపు 6 కేజీలు. మా ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతుంటాం. ఇలాంటివి 24 పాడయ్యాయి, నా వల్లే.

రిపోర్టు సాయంత్రంలోగా పంపాలి, ‘స్క్రీన్‌షాట్ పెట్టెయ్’ అన్నారు పైనుంచి. డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోకాడ్‌లో ప్రింట్ స్క్రీన్ కొట్టి, నల్ల బ్యాక్‌గ్రౌండుతో సహా వర్డ్‌లో పేస్ట్ చేసి, పేజీలో పట్టేదాకా మూల పట్టుకుని కుదించాను. జిరాక్స్ షాపు ప్రింటులో రంధ్రాల మధ్య దూరం 165 కాస్తా 185లా కనపడింది. ప్లేట్లు తయారుచేసే ఫాబ్రికేటర్ బోల్టు రంధ్రాలు ఆ దూరంలోనే వేసేశాడు. నిలదీస్తే ‘నీవే కొట్టిద్దు సార్’ అన్నాడు. మీరిచ్చిందే కదా అని. అప్పటికి నాకు కన్నడం రాదు, కొట్టొద్దు అంటున్నాడేమో అనుకున్నా.

డ్రాయింగ్‌లో గీతకి మొదలూ చివరా లెక్క ప్రకారం ఉంటాయి, ఎంత పెద్దది చేసినా మసకబారదు. స్క్రీన్‌షాట్‌లో ఉండేవి చుక్కలే. పైగా వర్డ్ సేవ్ చేసేటప్పుడు ఫోటోల్ని తనంతట తానే కంప్రెస్ చేస్తుంది, ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి మనం ఆపితే తప్ప. ఆటోకాడ్‌లో కాపీ కొట్టి, వర్డ్‌లో పేస్ట్ స్పెషల్‌కి వెళ్లి, ఎన్‌హాన్స్‌డ్ మెటాఫైల్ అన్నది ఎంచుకోండి, గీతలు గీతలుగానే వస్తాయి. మామూలు కంట్రోల్ వీ కొడితే డ్రాయింగే ఆబ్జెక్టుగా లోపల కూర్చుంటుంది, ఫైలు బరువెక్కుతుంది, అవతలివాడికి ఆటోకాడ్ ఉంటే డబుల్ క్లిక్ చేసి మన గీతలన్నీ తీసుకోవచ్చు. క్లయింటుకి అవన్నీ ఇవ్వాలని ఉందా మీకు?

ఇంకోటి. పెద్ద డ్రాయింగ్ కాగితం, ఏ1 షీటుని, ఏ4 పేజీలో ఇరికిస్తే 2.5 మిల్లీమీటర్ల అక్షరం 0.9 కూడా ఉండదు. మెటాఫైల్ అయినా కళ్లద్దాలు కావాల్సిందే. అందుకే కావాల్సిన భాగం వరకే పెట్టండి, అక్షరాలు పెంచండి. 1:50, అంటే కాగితం మీద ఒకటి నిజంలో 50 అని, రాసి బొమ్మని మూల పట్టుకుని లాగితే ఆ అంకె అబద్ధమైపోతుంది. స్కేల్ బార్, అంటే దూరాలు గుర్తు పెట్టిన చిన్న పట్టీ, గీయండి, బొమ్మతో పాటే సాగుతుంది, తగ్గుతుంది.

వెనక ఎవరో పీడీఎఫ్ అంటున్నారు. నిజమే తమ్ముడూ, వర్క్‌షాపుకి వెళ్లే డ్రాయింగ్ విడిగా పీడీఎఫ్‌లోనే పంపు. రిపోర్టులోది చూసుకోడానికే. నేను ఆ రోజు రిపోర్టు ఒక్కటే పంపాను, అదీ సంగతి.

అవకాశాల గురించి... టైం అయిపోయిందా? సరే. ప్లేటు అటు పంపిస్తున్నా, రెండు చేతులతో పట్టుకోండి. మళ్లీ నాకు చేర్చండి, తలుపు కొట్టుకుంటుంది.