ఇంజన్ పని అయిపోయింది! విజయనగరం నుంచి టెక్కలికి మా క్యాంపర్ వ్యాన్

హాయ్ అండీ! సాలూరు ఘాట్‌లో మా వ్యాన్ పొగలు కక్కుకుంటూ కూలబడింది గుర్తుందా? విజయనగరం దాకా లాక్కొచ్చిన కథ వదిలేయండి, అదో పెద్ద భాగోతం. ఇంజన్ పని అయిపోయింది, ఇవాళ టెక్కలిలో మా ఇంటికి తీసుకెళ్ళిపోతున్నాం.

కొత్తగా చూసేవాళ్ళ కోసం: మేం ఉండేది మెల్‌బోర్న్‌లో. ఈ బండి మాత్రం నాన్న పెళ్ళిళ్ళకీ తీర్థయాత్రలకీ తిప్పిన పాత టెంపో ట్రావెలర్. సీట్లు పీకించి మంచం, స్టవ్, నీళ్ళ ట్యాంకు పెట్టించాం. ఆర్సీలో ఆ మార్పు రాయించుకున్నాం కూడా, అది మర్చిపోకండి. ఇంజన్ తప్పేం లేదు పాపం. బజాజ్ టెంపో వాళ్ళు మెర్సిడెస్ డిజైన్‌కి లైసెన్సు తీసుకుని చేసిన నాలుగు సిలిండర్ల డీజిల్ అది, కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ కాకముందు సంగతి. ఇన్నేళ్ళు చాకిరీ చేసింది, అరిగిపోయింది, అంతే. నీలం పొగ, అంటే ఆయిల్ కాలిపోతోంది. ఆయిల్ పోసే మూత తీస్తే గాలి బుసబుసా తన్నుకొస్తోంది.

"రింగులు మార్చేస్తే చాలు" అన్నారు మా బావగారు. పిస్టన్‌కీ సిలిండరు గోడకీ మధ్య సందు మూసే రింగులన్నమాట. పాత ఇంజన్ ఒకటి కొని పడేయమన్నారు ఇంకొకరు. మెల్‌బోర్న్‌లో అయితే అదే చేస్తారు. కానీ ఇంజన్ మారితే నంబరు మారుతుంది, మళ్ళీ ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. నంబరు కొట్టి ఉండే మన బ్లాకు, అంటే సిలిండర్లుండే ఇంజన్ ఒళ్ళు, ఉంచుకుంటే ఆ గొడవ లేదు.

మేస్త్రి గారు ఇంజన్ పై మూత, అదే హెడ్డు, విప్పి, సిలిండరు పై అంచు దగ్గర నా వేలు పెట్టించారు. గోరు టక్కుమని ఆగింది. రింగులు తిరిగినంత మేరా గోడ అరిగి, పైన అరగని చోట చిన్న మెట్టు మిగిలింది. తర్వాత డయల్ గేజ్ దింపి, ఇంజన్ పొడుగునా ఒక కొలత, అడ్డంగా ఒక కొలత తీశారు. రెండూ కలవలేదు. పిస్టన్ దిగేటప్పుడు ఒక పక్కకే ఎక్కువ ఒత్తుకుంటుంది కాబట్టి బోరు, అంటే సిలిండరు లోపలి గుండ్రటి రంధ్రం, కోడిగుడ్డులా అయిపోతుంది.

"గుండ్రంగా నేని బోరులో గుండ్రటి రింగేటి సేస్తాదమ్మా? రెణ్ణెల్లకి మళ్ళీ నా కాడికే వత్తారు" అన్నారు. బావగారు ఇంకేం మాట్లాడలేదు.

సరే, లేత్ షాపుకి పంపించి బోరు కొట్టించాం, అంటే కాస్త పెద్దగా, గుండ్రంగా తొలిపించాం, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్లు వేయించాం. క్రాంక్ గ్రైండింగ్, కొత్త బేరింగులు, హెడ్ ఫేసింగ్, డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిల్స్ అన్నీ అయ్యాయి. కూలి కంటే సామాన్ల బిల్లే ఎక్కువైంది. నాకు బాగా నచ్చింది హోనింగ్, అంటే గోడని రాయితో సన్నగా గీకడం, అయ్యాక బోరు. టార్చి వేస్తే గోడంతా సన్నటి అడ్డగీతలు. ఆయిల్ నిలిచేది వాటిలోనే, అద్దంలా నున్నగా చేస్తే రింగులు కుదురుకోవు. బిగించేముందు ఒక్కో రింగూ బోరులోకి తోసి, కొసల మధ్య ఎంత సందు ఉందో ఫీలర్ గేజ్ అనే సన్నటి రేకులతో చూశారు. వేడికి రింగు సాగుతుంది, సందు చాలకపోతే బోరు గీరేస్తుందట. చివర్లో డీజిల్ ఆపే స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, ముందు ఆయిల్ ఎక్కాలని ఆయిల్ లైటు ఆరేదాకా ఉత్తి సెల్ఫే కొట్టించారు. అప్పుడుగానీ డీజిల్ అందనివ్వలేదు.

ఇక రోడ్డు. అరవై దాటొద్దు, అలాగని ఒకే స్పీడులో పోవద్దు, బండి ఆపి ఇంజన్ ఊరికే ఆన్‌లో ఉంచొద్దు అన్నారు. కాస్త లోడు పడితేనే రింగులు గోడకి ఒత్తుకుని కుదురుతాయి. స్టీరింగ్ నా దగ్గర, టెంపరేచర్ ముల్లు కాపలా నాన్న దగ్గర. నాతవలస దగ్గర హైవే ఎక్కగానే వెనక లారీలన్నీ హారన్లే హారన్లు. "కొట్టుకోనీ, నువ్వు పోనీయే" అంటారు నాన్న. రణస్థలంలో ఆగి డిప్‌స్టిక్ చూశాం, ఆయిల్ చుక్క తగ్గలేదు. నాజిల్ పైపు దగ్గర మాత్రం డీజిల్ తడి కనిపించింది, తమ్ముడు క్లిప్పు బిగించాడు. మడపాం దగ్గర వంశధార వంతెన మీద పిల్లలు వెనక అద్దంలోంచి పొగ కోసమే చూస్తున్నారు. లేదు!

మేస్త్రి గారి లెక్కలో వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మార్చాలి, ఘాట్ రోడ్డు ఆ తర్వాతే. అప్పటిదాకా జీడిపప్పు పేరు చెప్పి పలాసకి తెగ తిరుగుతాం, మీటరు నిండాలి కదా మరి.