ఒక పండుగ, రెండు కాలాలు: హైస్కూల్ విద్యార్థులకు ఇంగ్లిష్ పాఠం

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం. పండుగ పాఠం అనగానే బోర్డు నిండా కొత్త పదాలు రాసి, అర్థాలు చెప్పి, ‘నాకు నచ్చిన పండుగ’ మీద వ్యాసం రాయమనడం మనలో చాలామందికి అలవాటు. హైస్కూల్ విద్యార్థికి అది చిన్న తరగతి పనిలా అనిపిస్తుంది. పండుగను వ్యాకరణం వైపు నుంచి చూద్దాం. చాలా పండుగల వెనక ఎప్పుడో ఒకసారి జరిగిందని చెప్పుకునే కథ ఉంటుంది. ఆ కథను తలుచుకుంటూ ఏటా పాటించే ఆచారం ఉంటుంది. కథకు సింపుల్ పాస్ట్ కావాలి, ఆచారానికి సింపుల్ ప్రెజెంట్ కావాలి. పిల్లలు తరచూ తడబడేది సరిగ్గా ఈ రెండింటి మధ్యే.

బ్రిటన్‌లో నవంబర్ 5న జరిపే బాన్‌ఫైర్ నైట్‌ను తీసుకుందాం. హైస్కూల్ వయసుకు ఇంతకన్నా మంచి కథ దొరకడం కష్టం.

1605లో ఒకటో జేమ్స్ రాజు పార్లమెంటును ప్రారంభించే రోజున భవనాన్ని పేల్చివేయాలని రాబర్ట్ కేట్స్‌బీ బృందం కుట్ర పన్నింది. ఆ రోజుకు ముందు, అక్టోబర్ 26 రాత్రి, మాంటీగిల్ ప్రభువుకు సంతకం లేని ఉత్తరం ఒకటి అందింది. పార్లమెంటుకు వెళ్లవద్దని అందులో హెచ్చరిక ఉంది.

ఇక్కడ కథ ఆపేయండి. నిజంగానే ఆపండి, పిల్లలు అడిగినా ముందుకు వెళ్లవద్దు. ఇద్దరిద్దరిని జతచేసి, ఆ ఉత్తరం ఎవరు రాసి ఉండవచ్చో ఇంగ్లిష్‌లో ఊహించమనండి. కుట్రదారుల్లోనే ఒకరా? బంధువా? మాంటీగిల్ తనకు తానే రాసుకున్నాడా? చరిత్రకారులు కూడా ఇప్పటికీ తేల్చలేదు. ‘మైట్ హావ్’, ‘మస్ట్ హావ్’ వంటి రూపాలు ఇక్కడ అవసరం కొద్దీ నోటికి వస్తాయి. తప్పు జవాబంటూ లేని ప్రశ్న కాబట్టి వెనక బెంచీలో మౌనంగా కూర్చునే పిల్లలు కూడా నోరు విప్పుతారు. నా దృష్టిలో ఈ పాఠానికి ప్రాణం ఇదే. దీనికి కావలసినంత సమయం ఇవ్వండి.

తర్వాత కథ పూర్తిచేయండి. పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ కింది గదిలో 36 పీపాల తుపాకి మందుతో కుట్రదారుల్లో ఒకడైన గై ఫాక్స్ పట్టుబడ్డాడు. లండన్ టవర్‌లో చిత్రహింసలు పెట్టి విచారించారు. 1606 జనవరిలో మరణశిక్ష అమలుచేశారు. ఎవరు పట్టుకున్నారన్నదానికన్నా ఏం జరిగిందన్నదే ఇక్కడ ముఖ్యం కాబట్టి పాసివ్ వాయిస్ దానంతటదే వచ్చేస్తుంది.

ఇప్పుడు బోర్డు చూడండి. నిలువుగా ఒక గీత గీశాను. ఎడమవైపు ‘1605’, కుడివైపు ‘ప్రతి ఏడాది’. క్రియ దగ్గర ఖాళీ వదిలిన వాక్యాలను చీటీలపై రాసి పంచండి. మంటలు వేస్తారు, బాణసంచా కాలుస్తారు, గై బొమ్మను దహనం చేస్తారు అన్నవి కుడివైపుకు వెళ్తాయి. ఇవి సులువే.

అయితే ఒక చీటీ మాత్రం చివరిదాకా దాచి ఉంచండి. ప్రతి నవంబర్ 5న చర్చిలో కృతజ్ఞతా ప్రార్థనలు జరపాలని 1606లో పార్లమెంటు చట్టం చేసింది. 1859లో దాన్ని రద్దు చేశారు. మరి ఆ ప్రార్థనల చీటీ ఎటు పెట్టాలి? ఏటా జరిగేవే, కానీ ఇప్పుడా చట్టం లేదు. వాదించుకోనివ్వండి. ఆ వాదన ముదిరినప్పుడే ‘యూజ్డ్ టు’ పరిచయం చేయండి. అవసరం తెలిశాక నేర్చుకున్న రూపాన్ని పిల్లలు మరచిపోరు.

ఒక మాట. కుట్రదారులు కాథలిక్కులు, ఆనాటి చట్టాలు కాథలిక్కులను అణచివేసేవి. ఈ వేడుకలో వారిపై ద్వేషం చాలాకాలం పాటు కలిసే ఉంది. దాన్ని దాచవద్దు. ఒకరిని నొప్పించిన చరిత్ర గురించి ఆచితూచి మాట్లాడటం కూడా భాషలో భాగమే.

తేదీల అభ్యాసానికి థాంక్స్‌గివింగ్ సరిపోతుంది. అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం, కెనడాలో అక్టోబర్ రెండో సోమవారం. ‘ఆన్’, ‘ఇన్’ తేడా, వరుస సంఖ్యలు రెండూ ఒకేసారి పూర్తవుతాయి.

ఇక పిల్లల సొంత పండుగలకు వద్దాం. ఇంట్లో ఒక పెద్దవారిని తమ భాషలోనే అడిగి, చిన్నప్పుడు ఏం చేసేవారో, ఇప్పుడు ఏం చేస్తున్నారో రాసుకురమ్మనండి. మర్నాడు క్లాసులో అదే ఇంగ్లిష్‌లో చెప్పాలి. పండుగలు జరుపుకోని కుటుంబాల పిల్లలను బలవంతపెట్టవద్దు. వారు పక్కవారిని ఇంటర్వ్యూ చేస్తే చాలు. మాట్లాడుతుండగా మధ్యలో దిద్దకండి. వినిపించిన తప్పులను పేర్లు లేకుండా రాసిపెట్టుకుని, పీరియడ్ చివర్లో బోర్డుపై పెట్టి, పిల్లల చేతే సరిచేయించండి.