వెయిటింగ్ లిస్టులోని గుర్రం

శ్రోతలకు నమస్కారం.

2022 మే 6, శుక్రవారం ఉదయం. తెల్లారితే అమెరికాలోని లూయీవిల్‌లో, చర్చిల్ డౌన్స్ రేసుకోర్సులో కెంటకీ డెర్బీ గుర్రప్పందెం. మూడేళ్ల వయసు గుర్రాలకే ఆ పందెం, అంటే ఏ గుర్రానికైనా ఒక్కసారే అవకాశం. బరిలో ఇరవై గుర్రాలకే చోటు. రిచ్ స్ట్రైక్ అనే గుర్రం నంబరు ఇరవై ఒకటి. మన రైలు టికెట్టులాగా వెయిటింగ్ లిస్టు అన్నమాట! గడువు ముగియడానికి కొద్ది క్షణాల ముందు ఒక గుర్రాన్ని విరమించుకున్నారు. దీనికి బెర్తు దొరికింది.

పందేలు కాసేవాళ్లు మాత్రం దీన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఆడ్స్ ఒకటికి ఎనభై, అంటే గెలిస్తే డాలరుకు ఎనభై డాలర్ల లాభం. అంతకు ముందు సెప్టెంబరులో, ప్రకటించిన ధర కడితే గుర్రాన్ని ఎవరైనా తీసుకెళ్లగలిగే రకం రేసులో, 30 వేల డాలర్లకు కొన్న గుర్రమిది. ట్రైనర్ ఎరిక్ రీడ్ గుర్రపుశాలలో 2016 డిసెంబరులో అగ్నిప్రమాదం జరిగి 23 గుర్రాలు చనిపోయాయి. జాకీ సానీ లియోన్ ఎక్కువగా ఒహాయోలోని చిన్న రేసుకోర్సుల్లో స్వారీ చేసేవాడు. డెర్బీలో దిగడం అదే మొదలు.

అలాంటి గుర్రం డెర్బీ గెలవడాన్ని అందరూ అద్భుతం అంటారు. నన్నడిగితే, సగం పని ముందున్న గుర్రాలే చేసిపెట్టాయి. మొదటి పావు మైలు 21.78 సెకన్లలో! డెర్బీ చరిత్రలో అంత వేగంగా ఎప్పుడూ మొదలుకాలేదు. మొత్తం దూరమేమో మైలుంపావు. మొదట్లోనే అంత వేగంగా పరిగెడితే చివర్లో అలసిపోవా మరి! ఆదిలో అందరికంటే ముందు దూకిన సమ్మర్ ఈజ్ టుమారో చివరికి ఇరవయ్యో స్థానంలో వచ్చింది.

రిచ్ స్ట్రైక్ అప్పటిదాకా బాగా వెనకే ఉంది. ఆఖరి మలుపు దగ్గర లియోన్ దాన్ని లోపలి కంచె వైపు తిప్పాడు. పైనుంచి తీసిన వీడియో దొరికితే తప్పక చూడండి, సందుల్లో స్కూటర్ నడిపినట్టే ఉంటుంది. అలసిపోయిన ఒక గుర్రం అడ్డొస్తే, దాన్ని చుట్టి మళ్లీ కంచె పక్కకే తెచ్చాడు. ముందు ఫేవరెట్ ఎపిసెంటర్, జాండన్ పోటాపోటీగా పరిగెడుతున్నాయి. వ్యాఖ్యాత కళ్లు కూడా వాటిమీదే. ఆయన రిచ్ స్ట్రైక్ పేరెత్తేసరికి పందెం దాదాపు అయిపోయింది. ముప్పావు లెంగ్త్, అంటే గుర్రం పొడవులో ముప్పావు వంతు తేడాతో గెలుపు. రెండు డాలర్ల టికెట్టుకు 163 డాలర్ల 60 సెంట్లు వచ్చాయి.

1913లో డోనరైల్ అనే గుర్రం ఒకటికి తొంభై ఒకటితో గెలిచింది. డెర్బీలో దాని తర్వాతి స్థానం దీనిదే.

ఆ తర్వాత రిచ్ స్ట్రైక్ ఇంకో రేసు గెలవలేదు. ఆ రోజు గెలిచాకైనా కుదురుగా ఉందా అంటే, అదీ లేదు. వెంటబెట్టుకు వెళ్లడానికి వచ్చిన గుర్రాన్ని పట్టుకుని కొరికింది!