నాలుగోసారి విన్న మాట

సమన్వయకర్త: వరద రోజుల్లో కోనసీమలో ఎక్కడో ఒకచోట ఈ మాట పుడుతుంది: "ఏటిగట్టు తెగిందట." మీరూ నమ్మారటగా?

రైతు: నమ్మానండి. టీ కొట్టులో విన్నప్పుడు నవ్వి ఊరుకున్నాను. పాలు పోయడానికి వెళితే అక్కడా అదే. రేవు దగ్గర మూడోసారి. నాలుగోసారి మా ఆవిడే ఫోను చేసింది. ఇక ధాన్యం బస్తాలన్నీ అటక ఎక్కించాను. తీరా ఆరా తీస్తే నలుగురి దాకా చేరిన ఆ కబురు ఒక్క కుర్రవాడిది!

అధ్యాపకురాలు: మీరు దాన్ని నలుగురి సాక్ష్యం అనుకున్నారు. నిజానికి నలుగురు కూడా అక్కర్లేదు, ఒకే చోట పదేపదే కనిపించినా చాలు. 1977లో అమెరికాలో హాషర్, గోల్డ్‌స్టీన్, టొప్పినో అనే పరిశోధకులు విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు, ప్రతిసారీ 60 వాక్యాలు ఇచ్చారు. ఎంత నమ్మవచ్చో మార్కులు వేయమన్నారు. మళ్లీ మళ్లీ వచ్చిన వాక్యాల మీద నమ్మకం పెరుగుతూ పోయింది. వాటిలో అబద్ధాలూ ఉన్నాయి.

సమన్వయకర్త: విషయం తెలిసినవారికి ఈ బెడద ఉండదేమో?

అధ్యాపకురాలు: నేనూ అలాగే అనుకునేదాన్ని. 2015లో లీసా ఫాజియో అనే పరిశోధకురాలి బృందం ఇలాంటి ప్రయోగంలోనే వాడిన వాక్యాల్లో ఒకటి వినండి. స్కాట్లాండ్ మగవాళ్లు కట్టుకునే కుచ్చిళ్ల పొట్టి పావడాను చీర అంటారట.

రైతు: చీరా! మా ఊళ్లో ఆ పప్పులు ఉడకవండి.

అధ్యాపకురాలు: (నవ్వుతూ) అసలు జవాబు తెలిసినవారికి సైతం రెండోసారి చూసేసరికి ఇలాంటి అబద్ధాలు కాస్త నిజంగా తోచాయి. విన్న మాట మళ్లీ వింటే మనసుకు సులువుగా అందుతుంది. ఆ సులువునే నిజం అనుకుంటాం. రోజూ నడిచే కాలువగట్టు మీద కాళ్ల వంక చూడం కదా.

సమన్వయకర్త: మరి వరదప్పుడు?

రైతు: ఇప్పుడు నేను ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో అడుగుతున్నాను. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. అంకె చెప్పలేనివాడి మాట వినను.

అధ్యాపకురాలు: తప్పుడు అంకె పదిసార్లు విన్నా నమ్మేస్తారండీ! తొలిసారి చెవిన పడినప్పుడే "ఇది నిజమేనా?" అని తరచి చూసుకోవాలి. అలా చేయించిన ప్రయోగాల్లో ఈ ప్రభావం తగ్గింది. మీరు టీ కొట్టులో నవ్వారు గానీ అడగలేదు.

రైతు: అడిగితే "గట్టు దాకా వెళ్లి చూసి రండి" అంటారండి. ఆ వానలో ఎవరు వెళతారు?