గుండె వాల్వు జబ్బు ఉన్నవాళ్ళకి జ్వరం వదలకపోతే మెదడుకి ముప్పు ఎందుకు?

నమస్కారం అండీ. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్ళ కోసం ఈ వీడియో. మన వైపు జ్వరం అనగానే ముందు మలేరియా అనుకుంటాం. అనుకోవాలి, పరీక్షా చేయించాలి. కానీ ఇంట్లో ఎవరికైనా వాల్వు మార్చి ఉన్నా, చిన్నప్పటి కీళ్ళ జ్వరంతో వాల్వు పాడై ఉన్నా అక్కడితో ఆగిపోకండి.

రక్తంలో చేరిన బ్యాక్టీరియా అలాంటి వాల్వుని పట్టుకుని పెరుగుతుంది. ఎకోలో, అంటే గుండెకి చేసే స్కానింగ్‌లో చూస్తే వాల్వుకి అంటుకున్న చిన్న ముద్ద, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతూ కనిపిస్తుంది. 10 మిల్లీమీటర్లు దాటిందంటే డాక్టర్లకి టెన్షనే. అందులో ముక్క తెగి మెదడుకి పోయి రక్తనాళానికి అడ్డం పడితే పక్షవాతం. నాకు ఇంకా భయం వేసేది రెండోది. ఆ ముక్కలోని క్రిములు నాళం గోడనే తినేస్తాయి. పలచబడ్డ చోట అది సైకిల్ ట్యూబులా ఉబ్బి, ఒక్కోసారి చిట్లిపోతుంది. చిట్లేదాకా కొందరికి తలనొప్పి కూడా ఉండదండీ!

పక్షవాతం వచ్చిన మనిషిని తీసుకెళ్ళి మూతి వంకర పోయింది, చెయ్యి లేవట్లేదు అని చెప్తాం. పదిహేను రోజులుగా జ్వరం వస్తోందన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు. అది ముందే చెప్పాలి. మామూలు పక్షవాతానికి మొదటి 4.5 గంటల్లో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు కదా, ఈ ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి దాంతో మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువ. అందుకే సాధారణంగా ఇవ్వరు. రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే అదీ చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్. మూడు రోజులు వేసుకుంటే జ్వరం దిగుతుంది, ఆపగానే మళ్ళీ వస్తుంది. ఈలోగా రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష, అంటే బ్లడ్ కల్చర్‌లో క్రిమి దొరక్కుండా పోవచ్చు. ఏ క్రిమో తెలియకపోతే సరైన మందు ఎలా ఎంచుతారు? అందుకే మందు పడకముందే, విడివిడిగా మూడుసార్లు రక్తం తీస్తారు. ఇన్నిసార్లు ఎందుకని విసుక్కోకండి.

తర్వాత సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఇంజెక్షన్లు. కొందరికి వాల్వు ఆపరేషనూ కావాలి. జ్వరం తగ్గింది, ఇంటి దగ్గర కోతలున్నాయి అని మధ్యలో వచ్చేయొద్దు. ముక్కలు తెగే ముప్పు ఎక్కువగా ఉండేది మందు మొదలుపెట్టాక మొదటి ఒకటి రెండు వారాల్లోనే.

బరంపురం వెళ్ళినా, విశాఖ వెళ్ళినా పాత ఎకో రిపోర్టు, ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న మాత్రల అట్టలు సంచిలో పెట్టుకుని వెళ్ళండి.